రాయించుకోవడమా, పక్కన కూర్చోబెట్టడమా?

ముప్ఫై ఏళ్లు పనిచేసిన మెకానిక్ రిటైరవుతున్నాడంటే కంపెనీకి తోచేవి రెండే దారులు: తెలిసిందంతా రాయించుకోవడం, లేదా ఓ కుర్రాణ్ణి ఆయన దగ్గర వదలడం.

రాతకు మంచి ఉదాహరణ జిరాక్స్ కంపెనీ. 1990లలో ఫ్రాన్స్‌లో మొదలైన 'యురేకా' అనే దాని చిట్కాల వ్యవస్థలో ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్లు మాన్యువల్‌లో లేని చిట్కాలు రాసేవారు. తోటి నిపుణులు పరీక్షించాకే అవి అందరికీ వెళ్లేవి, రాసినవారి పేరుతో సహా. ఆ పేరే అసలు కిటుకు. మన ఆఫీసుల్లో షేర్డ్ ఫోల్డర్లు బూజు పట్టేది ఎవరు రాశారో, ఇప్పటికీ పనికొస్తుందో చూసే నాథుడు లేకే.

కానీ చేతి ఒడుపు కాగితం మీదకు రాదు. 1980లలో మత్సుషిటా కంపెనీ రొట్టె యంత్రం పిండిని సరిగా పిసకలేకపోయింది. పైన మాడేది, లోపల పచ్చి. పిండిని ఎక్స్‌రే తీసి చూసినా అంతుపట్టలేదు. చివరికి ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలోని ఓ హోటల్లో రొట్టెల మాస్టరు దగ్గర శిష్యరికం చేసి, ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పుతున్నాడని పట్టుకుంది. (అడిగితే ఆయన చెప్పగలిగేవాడా? అనుమానమే.) ఆ మెలిక కోసం యంత్రం లోపల గట్లు పెట్టారు.

రాత వెయ్యిమందికి ఒకేసారి చేరుతుంది. శిష్యరికం ఒకరిద్దరికే, అదీ నెలల తరబడి. ఎర్రర్ కోడ్లు, విడిభాగాల నంబర్లయితే రాయించేయండి. శబ్దం విని బేరింగ్ పోయిందని చెప్పే చెవి కావాలంటే మాత్రం, శాలువా కప్పడానికి కనీసం ఆర్నెల్ల ముందే కుర్రాణ్ణి పంపండి.