లాయర్ల సంఘంలో "జీవితకాల సభ్యత్వం" అని మెసేజ్ వస్తే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

గుంటూరు కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఎవరి అగ్రిమెంటు చేతికొచ్చినా కామాలతో సహా చదివే రకం నేను. అలాంటివాణ్ణి ఒక "జాతీయ న్యాయవాదుల సంఘానికి" 11,000 రూపాయలు కట్టాను, వాళ్ళ నిబంధనావళి ఒక్క పేజీ కూడా చూడకుండా. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మా బార్ రూంలోనే ఇంకో నలుగురు కట్టారని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. వాళ్ళూ సిగ్గుతోనే ఎవరికీ చెప్పలేదట. అందుకే రాస్తున్నాను. సంఘం పేరు మాత్రం రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా వీళ్ళు రేపు ఇంకో పేరుతో వస్తారు. పద్ధతి తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

లాయర్లుగా కొత్తగా ఎన్‌రోల్ (నమోదు) అయినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్ వచ్చింది. పైన త్రాసు, దాని పక్కన అశోక స్తంభం, కింద నల్లకోటు వేసుకున్న పెద్దవాళ్ళ ఫొటోలు. జీవితకాల సభ్యత్వం 15,000, నెలాఖరు లోపు చేరితే 7,500. ఐడీ కార్డు, కారు స్టిక్కర్, పది లక్షల బీమా, టోల్‌గేట్ల దగ్గర మినహాయింపు, రాబోయే ఈవెంట్లన్నింటికీ సగం ఫీజు. ఈవెంట్ల జాబితా చూస్తే కళ్ళు చెదిరాయి. విజయవాడలో రాజ్యాంగ దినోత్సవ సదస్సు, హైదరాబాద్‌లో మీడియేషన్ శిక్షణ, కొత్త క్రిమినల్ చట్టాల మీద రెండు రోజుల వర్క్‌షాప్, గోవాలో మహాసభ, ఢిల్లీలో అవార్డులు. ఫొటోల కింద "ముఖ్య అతిథులు (ఆహ్వానితులు)" అని ఉంది. ఆ బ్రాకెట్లో మాట నా కంటికి ఆనలేదు. ఆహ్వానితులు అంటే పిలిచాం అని, వస్తామన్నారు అని కాదు. ఆ లెక్కన మా ఇంటి గృహప్రవేశానికి నేను రాష్ట్రపతిని కూడా ఆహ్వానించగలను.

మర్నాడే ఫోన్. "నమస్తే అడ్వకేట్ గారూ" అంది అవతల అమ్మాయి. అప్పటిదాకా నన్ను అడ్వకేట్ గారూ అని పిలిచింది మా అమ్మ ఒక్కతే, అదీ ఉదయం తొమ్మిదైనా లేవనప్పుడు.

ఎందుకు పడ్డానో కూడా చెప్పాలి. మా ఇంట్లో లాయర్లెవరూ లేరు. నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాడు. కోర్టులో నాకు తెలిసింది మా సీనియర్ గారు, ఆయన గుమాస్తా, క్యాంటీన్ ఆయన. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని 2024 అక్టోబర్లో, లాయర్ల వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది గానీ అది సలహా మాత్రమే. నాకొచ్చేది ఎనిమిది వేలు. నెల జీతమంతా తీసుకెళ్ళి పోశానంటే నేను కొన్నది కార్డు కాదు, పరిచయాలు. పెద్ద పెద్ద వాళ్ళ పక్కన కూర్చుంటే కేసులొస్తాయన్న ఆశ.

అసలు ధర ఎంతో గుర్తు చేస్తాను. మనకు నల్లకోటు వేసుకునే హక్కు ఇచ్చేది 1961 నాటి అడ్వకేట్స్ చట్టం. దాని 24వ సెక్షన్ ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750, అందులో 600 రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి, 150 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి. ఎస్సీ, ఎస్టీలకు మొత్తం 125. ఇంతకంటే ఎక్కువ వసూలు చేయడానికి వీల్లేదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి ఒడిశాలో 42,100 దాకా తీసుకునేవారు. ఆ తీర్పు పుణ్యమా అని 750 కట్టి ఎన్‌రోల్ అయినవాణ్ణి, సరిగ్గా దానికి పదింతలు పెట్టి ఎవరికీ అక్కర్లేని కార్డు కొనుక్కున్నాను.

కార్డు మాత్రం చకచకా వచ్చింది. నీలం రంగు, ఫొటో, హోలోగ్రాం, మూడు సింహాలు. ఆ సింహాలు చూడగానే నాకు అనుమానం రావాల్సింది. రాజముద్ర ఎవరు పడితే వాళ్ళు వాడకుండా 2005లోనే చట్టం ఉంది. నేనేమో పర్సులో ముందు అరలో పెట్టుకుని తిరిగాను.

ఈవెంట్ల సంగతి ఇంకా చోద్యం. విజయవాడ సదస్సుకి డెలిగేట్ ఫీజు 3,500, అది సగం ధరట. నవంబర్ 26 అన్నారు. పది రోజుల ముందు "అనివార్య కారణాల వల్ల" డిసెంబర్ 3కి మార్చాం, న్యాయవాదుల దినోత్సవం కదా, బాబూ రాజేంద్ర ప్రసాద్ జయంతి రోజునైతే ఇంకా నిండుగా ఉంటుంది అన్నారు. అదీ పోయింది. సంక్రాంతి తర్వాత అన్నారు. వాయిదాలు మనకేం కొత్తా, అందుకే ఎవరం అడగలేదు. చివరికి ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఫలానా ఫంక్షన్ హాలు, ఉదయం తొమ్మిదిన్నరకి రిజిస్ట్రేషన్ అని మెసేజ్ పెట్టారు.

బావ కారు అడిగితే నేనూ వస్తానన్నాడు. స్టిక్కర్ అంటించుకుని బయల్దేరాం. కాజ టోల్‌గేటు దగ్గర కార్డు చేతిలో పట్టుకుని అద్దం దించాను. దించేలోపే పైనున్న రీడర్ ఫాస్టాగ్ చదివేసింది, గేటు లేచింది, బావ ఫోన్లో డబ్బు కట్ అయిన మెసేజ్ టింగుమంది. "దానికి నీ కార్డు చదవడం రాదురా బామ్మర్దీ" అన్నాడు బావ. ఇంటికొచ్చాక చూశాను. జాతీయ రహదారుల టోల్ నిబంధనల్లో మినహాయింపు ఎవరెవరికో పెద్ద జాబితా ఉంది, లాయర్లు అందులో ఎక్కడా లేరు.

హాలు ముందు బంతిపూల తోరణాలు, అరటి బోదెలు. లాయర్ల సదస్సుకి ఇంత శోభా అనుకుంటూ లోపలికి వెళ్ళబోయాను. గుమ్మం పక్కన థర్మాకోల్ బోర్డు మీద ఒక అమ్మాయి పేరు, ఒక అబ్బాయి పేరు, మధ్యలో ఎర్ర గుండె. నిశ్చితార్థం. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న నన్ను చూసి వాచ్‌మన్ "క్యాటరింగ్ వాళ్ళు వెనక గేటు సార్" అన్నాడు. నాలాగే ఇంకో ముగ్గురు రోడ్డు మీద నిలబడి ఫోన్లు చేస్తున్నారు. ఒకాయన అనంతపురం నుంచి రాత్రి బస్సులో వచ్చాడు, అరవై దాటిన మనిషి, చంకలో ఫైలు. మేనేజర్ని అడిగితే, ఆ పేరుతో ఎవరో జనవరిలో రేటు కనుక్కున్నారు, అడ్వాన్సు కట్టలేదు అన్నాడు. పదకొండింటికి గ్రూపులో లింకు వచ్చింది, సభ్యుల సౌకర్యం కోసం సదస్సును ఆన్‌లైన్లో జరుపుతున్నామని. నలభై నిమిషాలు. అందులో ఇరవై నిమిషాలు "మైక్ ఆన్ చేయండి సార్, మీ మాట వినపడటం లేదు". సాయంత్రానికి సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చింది, నా ఇంటిపేరు తప్పుతో.

ఆ అనంతపురం పెద్దాయనకు మేం టిఫిన్ పెట్టించి బస్టాండులో దింపాం. దారి పొడవునా ఆయన ఒక్క మాటా అనలేదు.

వారం తర్వాత మళ్ళీ ఫోన్. ఈసారి నాకు యువ న్యాయవాదుల విభాగంలో అవార్డు వచ్చిందట. నామినేషన్ ఎవరు వేశారు అంటే "మా జ్యూరీ గుర్తించింది సార్". ప్రాసెసింగ్ ఫీజు 12,000, శాలువా, మెమెంటో కలిపి. నేను ఇంతవరకు సొంతంగా వాదించింది రెండు బెయిళ్ళు, ఒక వాయిదా పిటిషను. ఏం గుర్తించారో.

అసలు దెబ్బ మాత్రం వేరే చోట తగిలింది. కార్డుతో పాటు వంద విజిటింగ్ కార్డులు, లెటర్‌హెడ్ పుస్తకం, ఒక నేమ్‌ప్లేటు పంపారు. అన్నింటి మీదా నా పేరు కింద "జీవితకాల సభ్యుడు, ఫలానా జాతీయ సంఘం" అని బంగారు రంగు అక్షరాలు. ఒక విజిటింగ్ కార్డు మా సీనియర్ గారి బల్ల మీద మర్చిపోయాను. సాయంత్రం ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి కార్డును దీపం దగ్గర పెట్టుకుని చదివారు.

"36 చదివావా?"

"ఏ యాక్టు సార్?"

"యాక్టు కాదయ్యా. బార్ కౌన్సిల్ రూల్."

అల్మారాలోంచి పుస్తకం తీసి నా ముందు పెట్టారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది. లాయరు ప్రచారం చేసుకోకూడదని అందరికీ తెలిసిన నియమమే. కానీ దాని రెండో సగం ఎవరూ చదవరు. నేమ్‌ప్లేటు మీద గానీ, బోర్డు మీద గానీ, స్టేషనరీ మీద గానీ, తాను ఫలానా బార్ కౌన్సిల్‌లోనో, ఏ సంఘంలోనో సభ్యుణ్ణనీ, అధ్యక్షుణ్ణనీ రాసుకోకూడదు. అంటే ఆ సంఘం నాకు కానుకగా పంపినవి నామీద ఫిర్యాదుకి సాక్ష్యాలు. ఎవరైనా కార్డు తీసుకెళ్ళి రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఇస్తే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద నేనే సంజాయిషీ చెప్పుకోవాలి. లాయర్ల సంఘమని చెప్పుకునేవాళ్ళకు లాయర్ల నియమం తెలియదంటే అదొక్కటి చాలు వాళ్ళెవరో అర్థం కావడానికి. ఆ రాత్రే లెటర్‌హెడ్లు చింపేశాను. నేమ్‌ప్లేటు ఇనపది, చిరగదు, అటక మీద పడేశాను. మీ దగ్గర ఇలాంటివి ఉంటే మిగతాదంతా పక్కనపెట్టి ముందు వాటిని బల్ల మీంచి తీసేయండి.

అప్పుడు బుద్ధొచ్చి ఒక్కొక్కటీ తవ్వాను. పోస్టర్ మీద "ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పొందినది" అని ఒక నంబరుంది. అది సొసైటీ నంబరు కాదు, ఉద్యం నంబరు. చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు ఇచ్చేది, ఆధార్‌తో ఆన్‌లైన్లో ఉచితంగా వస్తుంది. మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకున్న ఆయనకీ ఉంది. సంఘమన్నది ఏపీలో గానీ తెలంగాణలో గానీ సొసైటీగా పెట్టి ఉంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గర నమోదై ఉండాలి, నిబంధనావళి అక్కడ దాఖలై ఉండాలి. నేను డబ్బు పంపిన యూపీఐ ఖాతా కూడా సంఘం పేరు మీద లేదు, ఒక మనిషి పేరు మీద ఉంది. పంపేటప్పుడు ఆ పేరు తెరమీద కనిపిస్తుంది. నేను చూశాను కూడా. ట్రెజరర్ అయ్యుంటాడులే అనుకున్నాను.

బీమా పాలసీ నంబరు అడిగితే "గ్రూప్ పాలసీ సార్, విడిగా నంబరుండదు" అన్నారు. గ్రూప్ పాలసీలో ఉన్న సభ్యుడికి కూడా బీమా ధ్రువపత్రం ఇస్తారు. అది కావాలన్నాను. నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

కోర్టు బయట నడిచే సంఘాలన్నీ ఇంతే అనడం లేదు. ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ 1947 నుంచి నడుస్తోంది, మహాసభ ఏ ఊళ్ళో, ఎప్పుడు, ఏ రోజు ఏం మాట్లాడతారు అన్నది ముందే ప్రకటిస్తుంది. మన కోర్టు బార్ అసోసియేషన్ సంగతి ఇంకా సులువు. సెక్రటరీ ఎవరో తెలుసు, ఎన్నికలు జరుగుతాయి, ఓటుంటుంది, ఫ్యాన్ తిరక్కపోతే వెళ్ళి పోట్లాడొచ్చు. నేను 7,500 పెట్టి కొన్న సభ్యత్వంలో ఓటుందా అని అడగడం నాకు తట్టనే లేదు. లేదట. వాళ్ళ కార్యవర్గం ఎప్పుడూ ఎన్నిక కాలేదు, ఎప్పటికీ కాదు. ఈవెంటుకి డబ్బు కట్టేముందు మాత్రం ఒక్క పని చేయండి. హాలుకి మీరే ఫోన్ చేసి ఆ తేదీకి ఆ పేరుతో బుకింగ్ ఉందా అని అడగండి. రెండు నిమిషాల పని. నేను చేసి ఉంటే ఆ ఆదివారం మా బావ ముందు పరువు దక్కేది.

డబ్బు వాపసు అడిగితే "నాన్ రిఫండబుల్" అని ఒక్క ముక్క. స్పీడ్ పోస్టులో నోటీసిచ్చాను, ఆ చిరునామాలో అలాంటివారు లేరని తిరిగొచ్చింది. కవరు చింపకుండా అలాగే దాచాను, పోస్ట్‌మన్ రాసిన ఆ గీత నాకు బంగారం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఎక్కడుంటే అక్కడే వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. క్లయింట్లు లాయర్ల మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళకూడదని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి చూపించి గుమాస్తా గారు నన్ను ఆటపట్టించారు. అది మన సేవల గురించి. ఇక్కడ నేను కొనుక్కున్నవాణ్ణి. సంఘం సభ్యుడు వినియోగదారుడే కాడని అవతలివాళ్ళు వాదిస్తారేమో, రానీ, వచ్చి వాదించనీ. వాళ్ళ అసలు చిరునామా అయినా తెలుస్తుంది.

డబ్బు పంపి గంటలో మోసమని అనుమానమొస్తే మాత్రం కమిషన్ దాకా ఆగొద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఖాతాలోంచి డబ్బు దాటిపోకముందే ఆపే అవకాశముంటుంది. నాకు ఆ అనుమానం రావడానికే అయిదు నెలలు పట్టింది.

ఇప్పటికే కట్టినవాళ్ళకు ఒక మాట. పోస్టర్లు, ఈవెంట్ల జాబితా, వాయిదా మెసేజ్‌లు, యూపీఐ రసీదు, అన్నింటికీ ఈ రాత్రే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నా నోటీసు వెళ్ళిన వారానికే గోవా మహాసభ పోస్టర్ ఎక్కడా కనిపించకుండా పోయింది. ఢిల్లీ అవార్డుల పోస్టర్ మాత్రం నిన్న పొద్దునే మళ్ళీ వచ్చింది, కొత్త పేరు, కొత్త లోగో, పాత ఫోన్ నంబరు.