హరికేన్ వీపు మీది బట్ట

హరికేన్ అనే రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానాన్ని ప్లాస్టిక్ ముక్కలు అతికించి బొమ్మగా చేసుకునే కిట్ ఇది. దీన్ని నేను కొన్నది విమానం వెనుక సగం మీద బట్టను మలిచిన తీరు చూసి. ఒక వర్షాకాలమంతా నన్ను ఏడిపించింది కూడా ఆ బట్టే. మూడో వర్షాకాలం నడుస్తున్న ఈ రోజుకీ అల్మరా తలుపు తీస్తే నా కళ్లు ముందుగా అక్కడికే పోతాయి. అందుకే ఈ సమీక్షలో దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఇది 1/48 స్కేలు (అసలు విమానంలో 48వ వంతు) హరికేన్ మార్క్ 2సీ, రెక్కల్లో నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులున్న రకం. ఎన్ని ముక్కలు, ఎన్ని ఫ్రేములు అన్నది పెట్టె మీదే ఉంటుంది, వాటి జోలికి పోను. కాక్‌పిట్ బాగుంది. చక్రాల కాళ్లు సన్నం, జాగ్రత్తగా ఉండాలి.

మాది కోనసీమలోని బండారులంక, చేనేత ఊరు. నాన్నగారు నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. నేను విమానాల బొమ్మలు చేస్తానంటే ఆయన ఎప్పుడూ వద్దనలేదు గానీ, దగ్గరకు వచ్చి చూసిందీ లేదు. ఈ హరికేన్ వెనుక భాగానికి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టి కిటికీ దగ్గర ఆరబెట్టిన రోజు మాత్రం అటుగా వెళుతూ ఆగారు. చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఏటవాలుగా పట్టి, బొటనవేలితో నిలువునా నిమిరి చూశారు. "ఇది తడిపి బిగించిన బట్టరా" అన్నారు.

నిజంగానే బట్ట. 1935లో తొలిసారి ఎగిరిన హరికేన్‌ను దాని రూపకర్త సిడ్నీ క్యామ్ బృందం పాత రెండు రెక్కల విమానాల పద్ధతిలోనే కట్టింది. పైలట్ వెనుక నుంచి తోక దాకా లోపల లోహపు గొట్టాల చట్రం, దాని మీద కొయ్య బద్దలు, వాటి మీద అవిసె నారతో నేసిన లినెన్. ఆ లినెన్‌కు డోప్ అనే సెల్యులోజ్ పూత పూస్తే, ఆరుతూ ఆరుతూ బట్టను లాగి బిగదీస్తుంది. "అంటే గంజి పెట్టినట్టే" అన్నారు నాన్నగారు. తుపాకీ గుళ్లు ఈ బట్టలోంచి దూసుకుపోయినా, లోపలి చట్రానికి దెబ్బ తగలకపోతే మైదానంలోనే మాసిక వేసి మళ్లీ ఎగరేసేవారని చెప్పాను. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. ఆ తరువాత రోజూ సాయంత్రం వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఈ కిట్‌కు నేను ఎన్ని మార్కులు వేసినా అందులో సగం ఆ సాయంత్రాలవే.

కిట్‌లో బద్దల గట్లు తోక వైపు పోయేకొద్దీ సన్నబడి ఒకదానికొకటి దగ్గరవుతాయి. గట్టుకూ గట్టుకూ నడుమ బట్ట కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. చుక్కాని మీద, తోక రెక్కల కదిలే భాగాల మీద కూడా అదే పనితనం. అయితే రెండు సగాలు అతుక్కునే చోటు సరిగ్గా వీపు మధ్యలో వస్తుంది. అక్కడ ఉప్పు కాగితం వేసి రుద్దితే అతుకుతో పాటు గట్లూ పోతాయి. నేను పుట్టీని వేలితో కాక తడి దూదిపుల్లతో తుడిచి తీశాను. మూడు రోజులు పట్టినా గట్లు దక్కాయి.

అసలు కష్టం జులైలో వచ్చింది. విమానం మీద అంటించడానికి పెట్టెలో రెండు రకాల గుర్తులుంటే నేను ఆగ్నేయాసియా కమాండ్‌వి, అంటే ఆ యుద్ధంలో మన వైపు పోరాడిన మిత్రపక్షాల సేనావిభాగానివి, ఎంచుకున్నాను. జపాన్ విమానాల ఎర్ర సూర్యుడితో పొరబడకుండా, తూర్పు రంగంలో బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తులోంచి ఎరుపు తీసేశారు. మిగిలింది ముదురు నీలం, లేత నీలం. ఈ ఎంపికకు నా కారణం నాకుంది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. నా చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన బాంబుల కథ అదే. దానికి ముందు రోజు కొలంబో మీద దాడిని ఎదుర్కొన్న విమానాల్లో హరికేన్లు ఉన్నాయి. 1944లో ఇంఫాల్ నుంచి అర్జన్ సింగ్ నాయకత్వంలో భారత వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ ఎగరేసినవీ హరికేన్లే. ఇన్ని ఉండి కూడా పెట్టెలో భారత స్క్వాడ్రన్ గుర్తులు ఒక్కటీ లేవు. ఆ వెలితి నాకు ఇంకా తీరలేదు.

నీటిలో నానబెట్టి అంటించే ఆ గుర్తుల కింద నున్నటి మెరుపు పూత ఉండాలి. గరుకు రంగు మీద నేరుగా అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది. ఆగస్టు 15కు పూర్తి చేయాలన్న పట్టుదలతో, నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉన్నా వినకుండా ఆ మెరుపు పూతను చల్లడానికి ఎయిర్‌బ్రష్ తీశాను. మా పెంకుటింటి వెనుకే కాలువ. తేమ కొలిచే చిన్న పరికరం 90 శాతం దాటి చూపిస్తోంది. కొట్టిన పది నిమిషాలకు వీపంతా తెల్లగా, బూజు పట్టినట్టు పాలిపోయింది. ముదురు ఆకుపచ్చ మీద మరీ ఘోరం. కంగారులో థిన్నర్ గుడ్డతో తుడిస్తే, బొటనవేలంత మేర రంగు ఊడి కింద బూడిద రంగు ప్రైమర్ కనిపించింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు నాన్నగారు చూసి అడిగింది ఒకటే మాట. "ముసురులో పడుగుకు గంజి పెడతారా ఎవరైనా? ఎండ వచ్చేదాకా ఆగేవాళ్లం కదా." జరిగింది అచ్చంగా అదే. పూతలోని థిన్నర్ త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో ఉన్న తేమ ఆ చల్లదనానికి ఆరని పూత మీదే నీరై దిగి, పాలిపోయేలా చేస్తుంది. అసలు విమానాలకు డోప్ పూసేవారికీ ఇదే బెడద. అందుకే పూత గదులను వెచ్చగా, పొడిగా ఉంచేవారు. అది చదివాక నా మనసు కొంత కుదుటపడింది. వారం తరువాత ఎండ కాసిన మధ్యాహ్నం, నిదానంగా ఆరే థిన్నర్‌ను పలచగా, పొగమంచులా చల్లాను. చూస్తుండగానే తెలుపు కరిగి కింద ఆకుపచ్చ బయటపడింది. నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఊడిన చోట రంగు మళ్లీ కొట్టాను. ఎక్కడో చెప్తే తప్ప కనిపించదు.

తరువాత గుర్తుల వంతు. వాటి పొర మందం ఎక్కువ. గుండ్రటి గుర్తు రెండు గట్ల మీద వంతెనలా నిలబడిపోయింది, పల్లంలోకి దిగలేదు. వెనిగర్ పూసి చూశాను, ఫలితం అంతంత మాత్రం. చివరకు సూదితో సన్న రంధ్రాలు పొడిచి, గుర్తులను మెత్తబరిచే ద్రావణం పూసి, వేడి నీటిలో పిండిన మెత్తటి గుడ్డతో అద్దుతూ పోయాను. ఎడమ వైపు ఒక్కదానికే ఐదు రోజులు పట్టింది. ఇప్పుడు గట్ల మీద రంగు పూసినట్టే ఉంది.

మొదట్లో ఈ బట్ట అచ్చం అసలు విమానం మీది బట్టేనని కనిపించిన వారందరికీ చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. 1/48లో అర మిల్లీమీటరు పల్లం అంటే అసలు విమానం మీద 24 మిల్లీమీటర్లు. డోప్ పట్టించిన లినెన్ డప్పు చర్మంలా బిగిసి ఉంటుంది, అంత కుంగదు. ప్రైమర్, రంగు, మెరుపు పూత అన్నీ పడ్డాక పల్లాలు కొంత పూడి సరైన చోటికి వచ్చాయి. రంగు పలచగా కొట్టే చెయ్యి అయితే ఆ కుంగు ఎక్కువగానే కనిపించవచ్చు. ఇంకొకటి, ఆ పల్లాల్లో దుమ్ము చేరుతుంది. నెలకోసారి మెత్తటి కుంచెతో తోక వైపుకే తుడుస్తున్నాను. కుడి వైపు గుర్తు అంచు గత సంవత్సరం కొద్దిగా లేచింది. నా పనితనమో, మా తేమో తేల్చలేకపోతున్నాను.

కొనమంటారా అని అడిగితే, నా ఇంటి సంగతి పక్కన పెట్టి చెప్పలేను. ఏసీ గదో, పొడి గాలి ఉన్న ఊరో అయితే నేను పడిన తిప్పల్లో సగం ఉండవు. కాలువ గట్టు ఇళ్లలో ఉండే నాలాంటివారు రంగు పని మాఘమాసానికి పెట్టుకోవడం మంచిది. మొదటి కిట్‌గా ఎవరికైనా ఇవ్వాలంటే నేను వెనకాడతాను. రెండు మూడు చేసి చేయి తిరిగినవారైతే, ఆ వెనుక సగం కోసమే దీన్ని చేయవచ్చు.

ఇలాంటిదే ఇంకో పెట్టె తెప్పించాను. ఇంటికి చేరేసరికి 3,800 రూపాయలైంది. బీరువా పైన ఉంది, ఇంకా తెరవలేదు. కార్తీకం తుఫానులు దాటాక మొదలుపెడదామని నాన్నగారు అన్నారు. ఈసారి వీపు అతుకు తనే తుడుస్తారట.