తేనెటీగల పెట్టె కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో మేడ మీదో పెరట్లోనో తేనెటీగలు పెంచుకుంటూ, రకరకాల పెట్టెలు తెచ్చి ఏది బాగుంటుందో చూడాలనుకునేవాళ్ళకు ఈ హెచ్చరిక. "ఈ పెట్టె ఏ ఈగకైనా పనికొస్తుంది సార్" అని ఎవరన్నా అన్నారంటే, అక్కడితో బేరం ఆపేయండి. ఆన్‌లైన్‌లో ప్రకటనలు ఇచ్చే ఇక్కడి అమ్మకందారు ఒకరు ఆ మాట చెప్పే నాకు పెట్టె అంటగట్టారు.

ఐరోపా ఈగ మెల్లిఫెరా పెద్దది, దానికి లాంగ్‌స్ట్రాత్ పెట్టె. మన దేశవాళీ సెరానా చిన్నది, గుంపూ చిన్నదే, దానికి న్యూటన్ పెట్టెలాంటిది కావాలి. కిటుకంతా పెట్టె లోపల ఫ్రేముల (ఈగలు తుట్టె కట్టే చెక్క చట్రాల) చుట్టూ వదిలే సందులోనే ఉంది. ఈగ నడవడానికి సరిపడా వదిలితే ఆ సందు జోలికి పోదు, ఎక్కువ వదిలితే మైనంతో కట్టేస్తుంది. 1851లో ఆ పెట్టెకు పేరిచ్చిన అమెరికన్ లాంగ్‌స్ట్రాత్ పట్టుకున్నది ఇదే.

నాకిచ్చింది సెరానా గుంపు. పెట్టేమో లాంగ్‌స్ట్రాత్‌కు నకలు, అదీ కొలత తప్పిన నకలు. ఫ్రేముకీ పెట్టె గోడకీ మధ్య నా చిటికెన వేలు సులువుగా దూరిపోయింది. ఎనిమిది మిల్లీమీటర్లు మించకూడని చోటది! ఈగలు ఆ సందుల్లో అడ్డంగా తుట్టెలు కట్టి ఫ్రేముల్ని గోడకు అతికించేశాయి. ఒక ఫ్రేము పైకి తీయబోతే పిల్లలున్న తుట్టె నిలువునా చీలి, తెల్లటి పిల్ల పురుగులు నా చేతి మీద రాలాయి. ఆ ప్రాణుల ఉసురు ఎవరికి తగలాలి?

తుట్టెకు పునాదిగా ఫ్రేముల్లో పెట్టే మైనపు షీట్లూ అంతే. తేనె వాసన లేదు, కొవ్వొత్తి వాసన. వాటి మీద గదుల అచ్చు పెద్ద ఈగ కొలత. టేకు అని చెప్పింది రంగేసిన ప్లైవుడ్, మొదటి వానకే ఉబ్బి మూత పట్టలేదు.

అదే మనిషి ఇప్పుడు కుళాయి తిప్పితే తేనె కారే పెట్టె అమ్ముతున్నారు. 2015లో ఆస్ట్రేలియా తండ్రీకొడుకులు తెచ్చిన పెట్టెకు అది నకలు. అసలుదే మెల్లిఫెరా కోసం చేసింది, సెరానా పెంచేవాళ్ళు దాని మీద డబ్బు తగలేయొద్దు. టాప్ బార్ పెట్టెను ఎండలోనైనా పెట్టొచ్చని కూడా చెప్తున్నారు. నమ్మకండి. అందులో తుట్టెకు చుట్టూ చట్రం ఉండదు, పైకమ్మీకి వేలాడుతుందంతే. మన మే నెల ఎండకు మైనం మెత్తబడి తెగిపడుతుంది.

కొనేటప్పుడు స్కేలు తీసుకెళ్ళి సందులు కొలవండి. ఫ్రేములన్నీ తీసి, అటూ ఇటూ మార్చి పెట్టించి చూడండి. ఈగలతో సహా కొంటే గదుల్లోకి తొంగి చూడండి, అడుగున ఒక్కో గుడ్డు ఉండాలి. గదికి నాలుగైదు గుడ్లు గోడలకంటుకుని కనిపిస్తే చాలావరకు రాణి లేనట్టే. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థలో తేనెటీగల పెంపకంపై శిక్షణ ఇస్తుంటారు, వీలైతే ముందు అక్కడ సరైన పెట్టె ఎలా ఉంటుందో చూసి రండి.

డబ్బు వెనక్కి అడిగితే ఫోను ఎత్తడం మానేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇలాంటి పెట్టె మీకూ అంటగట్టి ఉంటే బిల్లు, ఫొటోలు పారేయకుండా దాచి, మీరూ ఫిర్యాదు పెట్టండి.