తాబేళ్ల తీరం, మడ అడవులు, నల్లమల: చేతికి పని దొరికే యాత్ర

వాతావరణ మార్పు వార్తలు చదివి చదివి మనసు కుంగిపోయిందని చెప్పేవాళ్లు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. వాళ్లకు కొండలూ జలపాతాలూ చూపిస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్లీ అదే దిగులు. పని జరుగుతున్న చోటికి తీసుకెళ్తే తేడా కనిపిస్తుంది. ఆ పని లెక్కకు అందేదిగా ఉండాలి: ఎన్ని గుడ్లు పొదిగాయి, ఎన్ని మొక్కలు రెండో ఏడాది కూడా బతికున్నాయి, అడవిలో ఎన్ని దుప్పులు కనిపించాయి. మన రెండు రాష్ట్రాల్లో యాత్రా పనీ రెండూ కుదిరే చోట్లు ముఖ్యంగా మూడు. మొదట కోరింగ.

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, ఊరు దాటి ఇరవై కిలోమీటర్లలోపే కోరింగ వస్తుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట సుమారు 235 చదరపు కిలోమీటర్ల మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఒకప్పుడు కోరింగ పెద్ద ఓడరేవు. 1839 తుపానులో ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. ఉప్పెన ఊపును తగ్గించే మడ అడవి విలువ తెలుసుకోవడానికి ఇంతకంటే తగిన చోటు ఈ తీరంలో లేదు.

ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది నిరాశగా వెనక్కి వెళ్లడానికి కారణం ఒక్కటే, పోటూ పాటూ (సముద్రపు నీళ్లు ఎక్కే వేళా, తీసే వేళా) చూసుకోకుండా రావడం. పాటు వేళ చెక్క వంతెన మీద నడవాలి, పోటు వేళ పడవ ఎక్కాలి. నీళ్లు తీసినప్పుడే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు, ఒక చెయ్యి మాత్రం పెద్దగా ఉండే పీతలు, బురదలో గెంతే చేపలు కనిపిస్తాయి. పోటు నిండుగా ఉంటే ఇదంతా నీటి కింద ఉంటుంది. అదే పాటు వేళ పడవ ఎక్కితే సన్నకాలువల్లోకి పోలేదు, పోతే బురదలో కూరుకుంటుంది. రెండింటి మధ్య సుమారు ఆరు గంటలు. ఈ వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు నీటిమట్టంలో తేడా బాగా ఎక్కువ. కాబట్టి కాకినాడ పోటు పట్టిక చూసి, ఉదయం ఏడు ఎనిమిది గంటలకు పాటు ఉండే రోజు ఎంచుకుంటే చల్లపూట వంతెన, మధ్యాహ్నం దాటాక పడవ, రెండూ కుదురుతాయి.

మడ చెట్టు ఆకును ఒక్కసారి దగ్గరగా చూడండి. ఎండెక్కాక కొన్ని రకాల మడ ఆకుల మీద సన్నని ఉప్పు పలుకులు మెరుస్తాయి, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే తెలుస్తుంది. వేరు పీల్చుకున్న ఉప్పును చెట్టు ఆకులోంచి బయటికి నెట్టేస్తోందన్నమాట. అయితే తెలియని చెట్టు కొమ్మ విరవకండి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే విపరీతమైన మంట, కొంతసేపు చూపు కూడా పోతుంది. పడితే వెంటనే మంచినీళ్లతో పదిహేను నిమిషాలైనా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. నీటికుక్కలు అదృష్టం బాగుంటే పగలే కనిపిస్తాయి. బావురు పిల్లి మాత్రం రాత్రి తిరిగే జంతువు, దాని పాదముద్ర దొరికినా సంతోషించాలి.

ఇక పని సంగతి. మడ మొక్కలు నాటడమంటే బురదలో వరసగా గుచ్చి ఫొటో దిగడమని చాలామంది అనుకుంటారు. అలా నాటినవాటిలో ఎక్కువ భాగం చచ్చిపోతాయి. చెట్లు నరికేసిన చోట నేల కుంగి పళ్లెంలా అవుతుంది. పోటు నీళ్లు వచ్చి బయటికి పోలేక నిలిచిపోతాయి. ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుని, ఆ మట్టి సముద్రం కంటే ఉప్పగా తయారవుతుంది. అక్కడ ఎన్ని మొక్కలు పెట్టినా దండగే. అందుకే స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, వన సంరక్షణ సమితులు కలిసి గోదావరి, కృష్ణా మడల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించే పద్ధతి తెచ్చాయి. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు నీళ్లు లోపలికి వచ్చి, పాటుకు బయటికి పోయి, ఉప్పును కడిగేస్తాయి. మొక్కను కాలువ అడుగునా కాకుండా, గట్టు మీదా కాకుండా, వాలు మధ్యలో నాటాలి. అడుగున పెడితే మునిగి చస్తుంది, పైన పెడితే ఎండిపోతుంది.

సంచీలో పెంచిన మొక్క అయితే సంచీ కోసి, మట్టిముద్ద చెదరకుండా దించి, మొదలు నేలమట్టానికి వచ్చేలా పూడ్చాలి. ఎడం మీటరు నుంచి రెండు మీటర్లు. కోసిన సంచీలన్నీ లెక్కపెట్టి వెనక్కి తేవాలి. తర్వాత వచ్చే చిక్కులు మూడు: కాలువ పూడిపోవడం, పశువులు మేసేయడం, పోటుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ మొక్కకు చుట్టుకుని వంచేయడం. కనుక సాయం చేయాలనుకునేవాళ్లు నాటే రోజు కోసం పట్టుబట్టకండి. ఆ రోజుకు మనుషులు ఎలాగూ దొరుకుతారు. మొదటి మూడేళ్లు ఏటా పూడిక తీయడానికి, చెత్త ఏరడానికి, బతికిన మొక్కలు లెక్కించడానికే మనుషులు దొరకరు. ఇంకొక్క మాట: ఎప్పుడూ మడ లేని బురదమేటల్లో మొక్కలు నాటమని ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దు. వలసపక్షులకు అన్నం పెట్టే చోటు అది.

బురదలోకి చెప్పులతో దిగితే చెప్పులు అక్కడే ఉండిపోతాయి. గమ్ బూట్లలో బురద నిండి కాలు ఊడిరాదు. లేసులు గట్టిగా కట్టుకునే పాత కాన్వాసు బూట్లే సరైనవి. ఆల్చిప్పలకు కాళ్లు కోసుకుపోతాయి కాబట్టి ధనుర్వాతం ఇంజెక్షన్ ముందే వేయించుకోండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పొడుగు చేతుల చొక్కా. దోమలు ఎక్కువ, సాయంత్రం ఐదు దాటితే మరీ.

బసకు కాకినాడే మేలు. అడవి అంచున ఉందామనుకుంటే సౌకర్యాలు తక్కువ, తెల్లవారుజామున ఆటో దొరకడం కష్టం. కాకినాడలో అన్ని ధరల్లో లాడ్జీలున్నాయి, భోజనానికి లోటే లేదు. వెనక్కి వచ్చేరోజు ఉప్పాడ తప్పక వెళ్లండి. జాందానీ చీరల కోసం కూడా, కోతకు గురవుతున్న తీరం కోసం కూడా. బీచ్ రోడ్డును సముద్రం ఎన్నోసార్లు తెంపేసింది. ఇసుక నింపిన జియో ట్యూబులు వేసినా అలలు వాటినీ చీల్చేశాయి. ఎగువన ఆనకట్టలు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది, పైగా సముద్రమట్టం పెరుగుతోంది. కోరింగలో ఆశ, ఉప్పాడలో హెచ్చరిక. రెండింటి మధ్య గంటన్నర ప్రయాణం. ఒక్కటే చూసి వస్తే సగమే తెలుస్తుంది.

విశాఖ తీరానిది రాత్రి పని. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం, పెదనాగమయ్యపాలెం, చేపలుప్పాడ వైపు గుడ్లను కాపాడి పొదిగించే అటవీశాఖ హేచరీలు నడుస్తాయి. మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చిన కాపలాదారులు అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి తెల్లవారేదాకా తీరం నడుస్తారు. వాళ్లతో నడవాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి కాబట్టి అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకోవడం నేరం.

తడి ఇసుక నుంచి పొడి ఇసుకలోకి వెళ్లిన జాడ రెండు, రెండున్నర అడుగుల వెడల్పుంటుంది. కుడి ఎడమ రెక్కల గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. జాడ తిరిగిన చోట ఇసుక చెదిరి ఉంటే గూడు అక్కడే. కాపలాదారు సన్నకర్రతో మెల్లగా తడుముతాడు, ఇసుక మెత్తగా దిగిన చోట చేత్తో తవ్వుతాడు. ఈ పని చూసి నేర్చుకోవలసిందే, కొత్తవాళ్లు కర్ర పట్టుకుంటే గుడ్లు పగులుతాయి. గూడు కూజా ఆకారంలో, దాదాపు అడుగున్నర లోతుంటుంది. అందులో వందా నూట ఇరవై గుడ్లు. పెట్టిన కొన్ని గంటల్లోపే హేచరీకి మార్చాలి. ఆలస్యమైతే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది, అప్పుడు గుడ్డు దొర్లితే పిండం చచ్చిపోతుంది. సంచీ ఊగకుండా నడవాలి. హేచరీలో అదే లోతు, అదే ఆకారంలో గుంట తీసి, గూళ్ల మధ్య మీటరు ఎడం ఉంచి, తేదీ, చోటు, గుడ్ల సంఖ్య రాసిన చీటీ పెడతారు. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి.

వేడి లెక్క ఇక్కడే తెలుస్తుంది. తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి. అంతకు పైన ఆడవే ఎక్కువ, 34, 35 దాటితే గుడ్లే పాడవుతాయి. అందుకే మార్చి తర్వాత హేచరీ మీద నీడ పరదా కడతారు. పరదా కట్టడం, ఇసుకలో థర్మామీటరు రోజూ ఒకే వేళకు చూసి రాయడం కొత్తవాళ్లు కూడా చక్కగా చేయగల పని. అందరూ పిల్లల్ని వదిలే ఉదయానికే వస్తామంటారు. అలాంటి కార్యక్రమాల కోసం పిల్లల్ని గంటల తరబడి బుట్టల్లో ఆపడం తప్పు. గూట్లోంచి వచ్చిన తొలి గంటల్లోనే వాటికి లోతునీటికి ఈదే ఊపు ఉంటుంది, ఆ శక్తి బుట్టలో కొట్టుకోవడానికే అయిపోతుంది. మీ వేళకు పిల్లల్ని సిద్ధంగా ఉంచుతామని చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. పొదిగాక ఖాళీ గూడు తవ్వి పెంకులు, పొదగని గుడ్లు లెక్కించడం వాసనొచ్చే పని. అయినా ఏడాది కష్టం ఏమైందో చెప్పేది ఆ లెక్కే.

తెల్లటి టార్చి, ఫోన్ ఫ్లాష్ వాడకూడదు, ఎర్ర లైటు చాలు. ముదురు రంగు బట్టలు, మౌనం. బస బీచ్ రోడ్డులో కాకుండా సాగర్‌నగర్, రుషికొండ వైపు తీసుకుంటే రాత్రి రెండింటికి నడకకు చేరడం తేలిక. విశాఖలో హోటళ్లకు కొదవ లేదు, కాకపోతే ఆ వేళ తలుపు తీస్తారా అని గదికి డబ్బు కట్టేముందే అడగండి.

ఫలితం ఎప్పుడని అడిగితే, నేడు వదిలిన ఆడ తాబేలు పిల్ల పెరిగి గుడ్లు పెట్టడానికి పదేళ్ల పైనే పడుతుంది. ఆశకు ఆధారం మాత్రం ఇప్పటికే ఉంది. శ్రీకాకుళం దాటి ఒడిశాలో బరంపురం దగ్గర ఋషికుల్య తీరంలో 2023లో 6.37 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. 2024లో సామూహికంగా రానేలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షలు వచ్చాయి. అదే ఏడాది జనవరిలో చెన్నై తీరానికి వందల కళేబరాలు కొట్టుకొచ్చాయి, ట్రాలర్ వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవే ఎక్కువ. ఋషికుల్యకు ఫలానా రోజని టికెట్లు కొనుక్కుని వెళ్లలేం. ఫిబ్రవరి, మార్చిల్లో బరంపురం దాకా వెళ్లగలిగే వీలుంచుకుని, కబురు రాగానే కదలాలి.

నల్లమలలో నడక కావాలి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో సుమారు 140 కిలోమీటర్లు వెళ్తే మన్ననూరు. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖ కాటేజీ, సఫారీ, నడక కలిపి ఇచ్చే ప్యాకేజీ ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఈ మూడు చోట్లలో బస, భోజనం, మార్గదర్శకుడు అన్నీ ఒకే చోట కుదిరేది ఇదే, కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా సలహా కూడా ఇదే. చెంచు గైడు ఉంటే అడవి వేరేగా కనిపిస్తుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారి మూసేస్తారు కాబట్టి హైదరాబాద్‌లో మధ్యాహ్నం రెండులోపే బయల్దేరాలి. సఫారీలో పులి కనిపిస్తుందన్న ఆశతో వెళ్తే నిరాశే.

నాలుగేళ్లకోసారి, 2018, 2022, 2026 అలా జరిగే పులుల గణనలో స్వచ్ఛంద సేవకులకు చోటుంటుంది. మూడు రోజులు ఐదేసి కిలోమీటర్లు నడిచి పులి, చిరుత గుర్తులు వెతకడం, మూడు ఉదయాలు రెండు కిలోమీటర్ల సరళరేఖలో నడిచి దుప్పి, కణితి, మనుబోతు, అడవిపందిని లెక్కించడం. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, గుంపు పరిగెత్తాక ఆగిన చోటికి దూరం కొలవడం. మొదట కనబడిన చోటుకే దూరం, దిక్సూచి కోణం రాయాలి, లేకపోతే జంతువుల సాంద్రత తప్పొస్తుంది. మధ్య సంవత్సరాల్లో వేసవిలో నీటి కుంటల దగ్గర లెక్కింపు, ఫిబ్రవరి ముందు అగ్గి పట్టీలు (మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే దారులు) శుభ్రం చేయడం ఉంటాయి. నల్లమల మంటలు చాలావరకు మనుషుల చేతి నుంచే. ఇప్పపువ్వు ఏరడానికి ఆకులు కాల్చినా, బీడీ ముక్క విసిరినా చాలు.

మారేడుమిల్లిని ఈ మూడింటిలో చేర్చలేదు. అందమైనదే. బొంగు చికెన్, ఘాట్ రోడ్డు, వలమూరు దగ్గర కొండరెడ్ల సమితి నడిపే బస, అన్నీ బాగుంటాయి. పని కోసం వెళ్లేవాళ్లకు మాత్రం అక్కడ చేతికందేది తక్కువ. వారాంతం తప్పించి, మీ ప్లాస్టిక్ మీరే వెనక్కి తెచ్చుకునేలా వెళ్లి రండి.

ఎక్కడికైనా డబ్బు కట్టేముందు నిర్వాహకుల్ని నాలుగు మాటలడగండి. అటవీశాఖ అనుమతి కాగితం మీద ఉందా? నిరుటి లెక్కలు, చచ్చినవి కూడా కలిపి, చూపిస్తారా? నేను కట్టే డబ్బులో స్థానిక కాపలాదారుకు, పడవవాడికి, గైడుకు ఎంత? నేను వెళ్లిపోయాక వచ్చే నెల ఈ పని ఎవరు చూస్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పినచోట గది కాస్త ఇరుకైనా సరే, అక్కడే బుక్ చేయండి.