స్విచ్‌లో రెసిడెంట్ ఈవిల్: మూడేళ్లు ఆడాక

2019లో నింటెండో వాళ్ల చేతి గేమింగ్ కన్సోల్ స్విచ్‌కి వచ్చిన రెసిడెంట్ ఈవిల్ అనే జాంబీల భయం ఆటని మూడేళ్లుగా చేతిలో పట్టుకునే ఆడుతున్నాను, టీవీకి పెట్టింది మహా అయితే రెండుసార్లు. 1996 నాటి ఆటని 2002లో నింటెండో పాత కన్సోల్ గేమ్‌క్యూబ్ కోసం మళ్లీ కొత్తగా చేశారు కదా, దాని హెచ్‌డీ రూపమే ఇది. ఆడటానికి ఎంచుకునే ఇద్దరు పాత్రల్లో జిల్‌తో నాలుగుసార్లు పూర్తిచేశా, క్రిస్‌తో ఒక్కసారే. ఆమె ఎనిమిది వస్తువులు మోస్తే ఇతను ఆరే మోస్తాడు, తాళంచెవి కనబడితే సంతోషం బదులు ఇప్పుడేం వదిలేయాలిరా అని ఏడుపొస్తుంది.

చిన్న తెర ఈ ఆటకి బాగా కుదిరింది. గదులు చాలావరకు ముందే తయారుచేసి పెట్టిన బొమ్మలు కాబట్టి పెద్ద టీవీలో కాస్త మసకగా ఉంటాయి, 6.2 అంగుళాల్లో ఆ మసక తెలియదు. పగలు బస్సులో మాత్రం దండగ, చీకటి వరండాలో జాంబీ బదులు నా మొహమే కనిపిస్తుంది. రాత్రి లైటు తీసేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే, ఎక్కడో కనబడని మూల నుంచి అడుగులు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు... అదీ ఆట. కంట్రోల్స్ పాతవే పెట్టుకోండి. కెమెరా ఎటు తిరిగినా పైకి నొక్కితే ముందుకే వెళ్తుంది, గంటలో అలవాటైపోతుంది.

అసలు గొడవ స్విచ్‌కున్న స్లీప్ బటన్‌తో. ఈ ఆటలో సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ దొరకాలి, చేతిలో ఇంక్ రిబ్బన్ ఉండాలి, సగం టెన్షన్ అక్కడే. బటన్ నొక్కి ఎక్కడంటే అక్కడ ఆపేసే సౌకర్యం ఉంటే ఇంక భయమేముంది? కుక్కలు కిటికీ పగలగొట్టుకుని దూకే చోట కూడా ఆపేసి టీ తాగొచ్చాను. మూడోసారి ఆడేటప్పుడైతే రిబ్బన్లు మిగులుద్దామని గంటన్నర అసలు సేవే చేయలేదు, స్లీప్ ఉందిగా అని. అంతకుముందు కిరోసిన్ పొదుపు చేద్దామని చంపాక శవం కాల్చకుండా వదిలేసిన జాంబీ ఎర్రగా మళ్లీ లేచి వెంటపడితే, ఎలాగో తప్పించుకుని పక్కన పెట్టా. మా తమ్ముడు వేరే ఆట తెరిచాడు. నడుస్తున్న ఆట మూసేయాలా అని స్విచ్ అడిగింది, వీడు సరే అన్నాడు.

అప్పటి నుంచి రిబ్బన్లు రెండే మిగిలినా సరే, టైప్‌రైటర్ కనబడ్డాకే బస్సు దిగుతున్నా. రెండుసార్లు స్టాప్ దాటిపోయింది కూడా.