జాగ్రత్త: స్టిక్కరు మీద ‘8 ఓమ్స్’, లోపల వేరే లెక్క. సెకండ్ హ్యాండ్ బేస్ యాంప్ కొనేవాళ్లు చదవండి

స్టేజీ మీద వాయించడానికి సెకండ్ హ్యాండ్ బేస్ గిటార్ యాంప్ (యాంప్లిఫయర్) వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నాకు అమ్మినాయన పేరు రాయడం లేదు. ఆయనొక్కరి గురించి చెప్పినా సరిపోదు, ఇలాంటి సరుకు ఎవరి దగ్గరైనా ఎదురు కావచ్చు. అందుకే ఏం దాచారో, ఎలా దాచారో, అది కొనేటప్పుడు ఎందుకు బయటపడదో విడమరిచి చెబుతాను.

ప్రకటనలో ఉన్నది ఇదీ: 1000 వాట్స్ క్లాస్ డీ హెడ్ (హెడ్ అంటే స్పీకర్ లేని యాంప్ పెట్టె, క్లాస్ డీ అంటే తేలికగా, తక్కువ వేడితో నడిచే రకం), రెండు పది అంగుళాల స్పీకర్లున్న 8 ఓమ్స్ క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె, క్లుప్తంగా క్యాబ్), ఇంట్లో మాత్రమే వాడింది, స్టేజీ ఎక్కలేదు. వెళ్లి చూస్తే పైకి అంతా శుభ్రంగా ఉంది. నాబ్‌లు తిప్పితే గరగర లేదు, జాక్‌లు వదులుగా లేవు. ఆయనే కేబుల్ పెట్టి ఇచ్చారు. “వాల్యూమ్ మరీ పెంచకండి సార్, పక్క వాటాలో చిన్నపిల్లలున్నారు” అన్నారు. ఆ వాల్యూమ్‌లో టోన్ చాలా బాగుంది. ఇ తీగ నిండుగా, జి తీగ స్పష్టంగా వినిపించాయి. ఆ తర్వాత రిహార్సల్స్‌లోనూ ఏ ఇబ్బందీ రాలేదు.

ప్రోగ్రామ్ రోజు నా పాత 8 ఓమ్స్ క్యాబ్ కూడా దీనికి కలిపాను. ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు, అది తగ్గేకొద్దీ హెడ్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. రెండు క్యాబ్‌లను ప్యారలల్‌గా (పక్కపక్కన) కలిపితే 8, 8 కలిసి 4 అవుతుంది. హెడ్ వెనక ‘కనీసం 4 ఓమ్స్’ అని రాసి ఉంది కాబట్టి లెక్క సరిపోయింది. కార్యక్రమం సగంలో ఉండగా, ఒక పాట చరణం మధ్యలో బేస్ ఒక్కసారిగా ఆగిపోయింది. హెడ్ మీద ప్రొటెక్ట్ అనే ఎర్ర లైటు వెలిగింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే కాసేపు పలికింది, మళ్లీ పోయింది. పీఏకి (హాల్లోని పెద్ద స్పీకర్లకి) బేస్ సిగ్నల్‌ని నేరుగా పంపే డీఐ లైను కూడా అదే హెడ్ నుంచి తీసుకున్నాం కాబట్టి హాల్లో కూడా బేస్ లేదు. మా కీబోర్డు వాయించే అబ్బాయి పరిస్థితి అర్థం చేసుకుని ఎడమచేత్తో బేస్ లైన్ అందుకున్నాడు. ఆ రోజు పరువు నిలిచిందంటే ఆ అబ్బాయి వల్లే.

తర్వాత రిపేరు చేసే ఆయన బల్ల మీద రెండూ విప్పించాను. నేనూ పక్కనే నిలబడి చూశాను.

ముందు క్యాబినెట్. స్పీకర్ చుట్టూ ఉన్న స్క్రూలు తళతళలాడుతున్నాయి, ముందు జాలీకి ఉన్నవి మాత్రం తుప్పు పట్టి ఉన్నాయి. అంటే స్పీకర్లు ఈమధ్య మార్చారన్నమాట. ఒకటి బయటికి తీసి వెనక్కి తిప్పితే మాగ్నెట్ మీద 8 ఓమ్స్ అని ముద్ర ఉంది. రెండోదీ అంతే. రెంటినీ ప్యారలల్‌గా కలిపారు, ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. అలా కలిపితే మొత్తం 4 ఓమ్స్ అవుతుంది. రెండు స్పీకర్లను ప్యారలల్‌గా కలిపిన క్యాబ్ 8 ఓమ్స్ ఉండాలంటే ఒక్కో స్పీకర్ 16 ఓమ్స్‌ది కావాలి. 16 ఓమ్స్ పది అంగుళాల స్పీకర్లు అంత సులువుగా దొరకవు, 8 ఓమ్స్‌వి ఎక్కడైనా దొరుకుతాయి. పాతవి పోయాక దొరికినవి బిగించి, వెనక స్టిక్కరు మాత్రం అలాగే ఉంచేశారు. పైన పటారం, లోన లొటారం.

ఇప్పుడు లెక్క చూడండి. 4 ఓమ్స్ క్యాబ్‌కి నా 8 ఓమ్స్ క్యాబ్ ప్యారలల్‌గా కలిస్తే 2.67 ఓమ్స్. కనీసం 4 ఉండాల్సిన హెడ్ మీద ఆ లోడ్ పడింది. అదే వోల్టేజీ దగ్గర కరెంటు ఒకటిన్నర రెట్లు లాగుతుంది. ప్రొటెక్ట్ సర్క్యూట్ తన పని తాను చేసింది కాబట్టి హెడ్ కాలిపోకుండా మిగిలింది.

ఇక హెడ్ మూత తీస్తే ఇంకో సంగతి. లోపలి ఫ్యాన్ వైరు కనెక్టర్ నుంచి పీకి, చివరకి టేపు చుట్టి ఒక మూలకి మడిచి పెట్టి ఉంది. ఇంట్లో వినిపించినప్పుడు యాంప్ ఎంత నిశ్శబ్దంగా ఉందో అని మెచ్చుకున్నానే, కారణం అదీ. పవర్ సాకెట్ దగ్గరి ఫ్యూజు అర లాగితే అందులో 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. ప్యానెల్ మీద అచ్చువేసింది టి5ఏ, అంటే నిదానంగా పోయే 5 ఆంపియర్ల రకం. సరైన ఫ్యూజు పదేపదే పోతుంటే తప్ప ఎవరూ దాని చోట రెండింతలది పెట్టరు. ఇది డబ్బు నష్టంతో ఆగే విషయం కాదు. లోపల ఏదైనా షార్ట్ అయితే పోవాల్సిన ఫ్యూజు పోకుండా వైర్లు కాలతాయి. దీన్ని తెలిసీ అమ్మడం నాకు అన్నింటికన్నా కోపం తెప్పించింది.

ఫోటోలన్నీ పంపితే ఆయన చెప్పింది ఒకటే మాట: “నేను కొన్నప్పుడూ అలాగే ఉందండీ.” ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఇందులో అందరూ గమనించాల్సింది ఏమిటంటే, బేస్ యాంప్‌లో ఉండే అసలు లోపాలు చిన్న వాల్యూమ్‌లో, కాసేపట్లో బయటపడవు. ఇంట్లో మాట్లాడుకునేంత శబ్దంలో వాయిస్తే స్పీకర్‌కి వెళ్లేది ఒక వాటో, రెండు వాట్సో. ఆ కాస్త పవర్‌కి లోడ్ 8 ఓమ్స్ అయినా 2.67 అయినా హెడ్‌కి తేడా తెలియదు. వేడి పుట్టదు కాబట్టి ఫ్యాన్ లేని లోటూ తెలియదు. స్టేజీ మీద డ్రమ్స్‌కి దీటుగా వాయించేటప్పుడు కథ మారుతుంది. బేస్ ఇ తీగ 41 హెర్ట్జ్, ఐదు తీగల బేస్‌లో బి తీగ 31 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. ఒక ఆక్టేవ్ (అంటే సగం ఫ్రీక్వెన్సీకి) కిందికి దిగి అదే శబ్దం రావాలంటే స్పీకర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. గిటార్ యాంప్‌ని పరీక్షించినట్టు దీన్ని పరీక్షిస్తే ఏమీ తేలదు. లోపం బయటపడాలంటే గట్టి వాల్యూమ్, కింది తీగలు, అరగంట సమయం, మీరు నిజంగా వాడబోయే క్యాబ్‌లు, నాలుగూ కావాలి. అమ్మేవాళ్ల ఇంట్లో కుదరకపోతే రిహార్సల్ గదికి తెమ్మనండి. సరుకు మంచిదైతే అభ్యంతరం ఉండదు.

కొనేముందు మల్టీమీటర్ తప్పకుండా తీసుకెళ్లండి. క్యాబ్‌ని హెడ్ నుంచి విడదీసి, కేబుల్‌ని క్యాబ్‌కి మాత్రమే పెట్టి, రెండో చివర మీటర్ ఆనించండి. మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్స్ (ఒకే దిశలో పారే కరెంటుకి ఉండే అడ్డు), స్టిక్కరు మీద రాసేది ఇంపీడెన్స్ (వాయించేటప్పుడు దిశ మారే కరెంటుకి ఉండే అడ్డు). మీటర్ అంకె ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది, దానికి కంగారు పడకండి. 8 ఓమ్స్ క్యాబ్ అయితే దాదాపు 5.5 నుంచి 7 మధ్య, 4 ఓమ్స్ అయితే 3 నుంచి 3.7 మధ్య రావాలి. నా క్యాబ్ 3.1 చూపించింది. ఒక్క నిమిషం పని అది. నాలుగు స్పీకర్ల క్యాబ్ అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి. అందులో ఒక స్పీకర్ పోయినా మిగతావాటిలో కొన్నైనా పలుకుతూనే ఉంటాయి, మొత్తం ఓమ్స్ మాత్రం మారిపోతుంది.

జాలీ తీయనిస్తే కోన్‌ని రెండు చేతుల వేళ్లతో చుట్టూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. గీసుకున్న శబ్దం వస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) రాసుకుంటోందని అర్థం. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ పోతే, ఎక్కడ బర్రుమంటుందో, చెక్క ఎక్కడ వదులైందో చెవికి తెలిసిపోతుంది. మొదట వాల్యూమ్ మితంగానే ఉంచండి. పోర్ట్ (గాలి రంధ్రం) ఉన్న క్యాబ్‌లో మరీ కింది ఫ్రీక్వెన్సీల దగ్గర కోన్‌కి గాలి ఆసరా ఉండదు, మంచి స్పీకర్ కూడా దెబ్బతినవచ్చు.

ఫ్యాన్ గురించి ఒక మాట. కొన్ని హెడ్‌లలో ఫ్యాన్ వేడెక్కాకే తిరుగుతుంది. ఆన్ చేయగానే తిరగలేదని తప్పు పట్టకండి. అరగంట గట్టిగా వాయించాక వెనక చెయ్యి పెట్టి చూడండి. బాడీ కాలిపోతూ ఉండి గాలి రాకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

వాట్స్ విషయానికి వస్తే, ‘1000 వాట్స్’ అన్నమాట వినగానే ఏ లెక్కన, ఎన్ని ఓమ్స్ దగ్గర అని అడగండి. నా హెడ్ వెనక ప్యానెల్ మీద ఉన్నది 4 ఓమ్స్ దగ్గర 500 వాట్స్. ఆయన చెప్పిన 1000 పీక్ లెక్క. సైన్ వేవ్‌కి పీక్ పవర్ సగటు పవర్‌కి సరిగ్గా రెట్టింపు ఉంటుంది, ఏ యాంప్‌నైనా అలా రెట్టింపు చేసి చెప్పుకోవచ్చు. అదే హెడ్‌కి ఒక్క 8 ఓమ్స్ క్యాబ్ పెడితే వచ్చేది 250, 300 వాట్స్. ఇంకోటి, పవర్ సాకెట్ పక్కన రాసే వాట్స్ కరెంటు వాడకానిది. దాన్ని సాధారణంగా పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు దగ్గర కొలుస్తారు కాబట్టి ఆ అంకె పట్టుకుని అవుట్‌పుట్ తేల్చేయకండి.

నిజానికి 500, 1000 వాట్స్ మధ్య తేడా 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ వాల్వ్ హెడ్ 300 వాట్స్‌ది. దాని కింద ఎనిమిది పది అంగుళాల స్పీకర్లున్న క్యాబ్‌లు పెట్టి పెద్ద పెద్ద స్టేజీల మీద వాయించారు. అంత గాలిని కదిలించింది ఆ స్పీకర్ల వైశాల్యం. అందుకే క్యాబ్ సెన్సిటివిటీ (అంతే పవర్‌కి ఎంత శబ్దం ఇస్తుందో) కూడా అడగండి. 97 డెసిబెల్స్ క్యాబ్ బదులు 100 డెసిబెల్స్ క్యాబ్ తీసుకుంటే హెడ్ వాట్స్ రెట్టింపు చేసుకున్నట్టే. నా ఫిర్యాదు శబ్దం తక్కువైందని కాదు. సగం ఉన్నదాన్ని రెట్టింపు చేసి చెప్పిన మనిషి మిగతావి నిజం చెబుతాడని నమ్మడానికి లేదు.

హెడ్‌తో పాటు ‘స్పీకర్ కేబుల్’ అని ఇచ్చింది కూడా గిటార్‌కి వాడే కేబులే. రెండు చివరలా 6.3 మిల్లీమీటర్ల జాక్ ఉంటే పైకి తేడా తెలియదు. ప్లగ్ తొడుగు మర తిప్పి చూస్తే తెలుస్తుంది. గిటార్ కేబుల్‌లో మధ్యలో సన్నటి వైరు, దాని చుట్టూ జాలీలా అల్లిన షీల్డ్ ఉంటాయి. స్పీకర్ కేబుల్‌లో రెండూ సమానమైన లావు వైర్లు. వందల వాట్స్ ఆ సన్నటి వైరు గుండా పంపితే అది వేడెక్కి కరిగి షార్ట్ కావచ్చు, హెడ్ పోవచ్చు. వీలుంటే స్పీకాన్ (తిప్పి బిగించే స్పీకర్ కనెక్టర్) సాకెట్ ఉన్నవే కొనండి. గిటార్ కేబుల్ అందులో పట్టదు.

వేరే దేశం నుంచి తెచ్చిన హెడ్ అయితే వెనక 120 వోల్ట్స్ అని ఉందా, 230 అని ఉందా, రెండూ పనిచేస్తాయా చూడకుండా ప్లగ్ పెట్టకండి.

చివరిగా డీఐ. కొనేటప్పుడు హెడ్‌లోని డీఐ అవుట్‌కి ఒక మిక్సర్ తగిలించి హెడ్‌ఫోన్స్‌లో వినండి. గ్రౌండ్ లిఫ్ట్ (హమ్ తగ్గించడానికి ఎర్త్‌ని విడదీసే స్విచ్) నొక్కితే హమ్ మారుతోందా, ప్రీ, పోస్ట్ స్విచ్ (సిగ్నల్‌ని టోన్ నాబ్‌లకి ముందు తీసుకోవాలా, తర్వాతా అని ఎంచుకునేది) పనిచేస్తోందా చూడండి. స్పీకర్ బాగా పలికినా డీఐ పోయి ఉండొచ్చు. అది బాగున్నా సరే, ప్రోగ్రామ్స్‌కి వెళ్లేవాళ్లు విడిగా ఒక డీఐ బాక్స్ బ్యాగులో పెట్టుకోండి. బేస్ నుంచి, పెడల్స్ ఉంటే వాటి చివరి నుంచి, ముందు డీఐ బాక్స్‌లోకి వెళ్లి, దాని త్రూ (సిగ్నల్‌ని అలాగే బయటికి పంపే జాక్) నుంచి హెడ్‌కి వెళ్లాలి. అప్పుడు హెడ్ ఆగిపోయినా పీఏలో మీ బేస్ ఉంటుంది, మానిటర్‌లో వింటూ పాట పూర్తి చేయొచ్చు. ప్యాసివ్ బేస్‌ని (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ లేనిదాన్ని) నేరుగా పెట్టేట్టయితే యాక్టివ్ డీఐ (పవర్‌తో నడిచేది) తీసుకోండి, లేకపోతే పై ఫ్రీక్వెన్సీలు మొద్దుబారతాయి. యాక్టివ్ బేస్‌కి ప్యాసివ్ డీఐ చాలు.

ప్రస్తుతం ఆ క్యాబ్ స్టిక్కరు మీద మార్కర్‌తో పెద్దగా 4 అని రాసి, ఒక్కదాన్నే వాడుతున్నాను. ఫ్యాన్, ఫ్యూజు సరిచేయించాక హెడ్ ఇప్పటిదాకా ఆగలేదు. మీరెవరైనా ఇలాంటి సెట్ చూడటానికి వెళ్లబోతుంటే ముందే మూడు ఫోటోలు అడగండి: హెడ్ వెనక ప్యానెల్ మొత్తం, ఫ్యూజు మీది అంకె చదవగలిగేంత దగ్గర నుంచి, స్పీకర్ మాగ్నెట్ మీది ముద్ర. మూడోదానికి స్క్రూలు విప్పాలి కాబట్టి కొందరు నిజంగానే బద్ధకిస్తారు, అలాంటప్పుడు మీటర్ రీడింగ్ వీడియో పంపినా సరిపోతుంది. అదీ కుదరదంటే ఆ సెట్ వదిలేయండి.