అండమాన్ బీచ్ ప్యాకేజీ కొనేవాళ్లు జాగ్రత్త: ఫొటోలో చూపించే బీచ్ వేరు, గది ఇచ్చే బీచ్ వేరు

అండమాన్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టబోతున్నవాళ్లు కాసేపు ఆగి ఇది చదవండి. ముఖ్యంగా పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని సముద్రంలో ఆడుకోవడానికే వెళ్తున్నవాళ్లు. "బీచ్ ఫ్రంట్ రిసార్ట్" అని రాసి ఉన్నంతమాత్రాన ఆ బీచ్‌లో దిగి స్నానం చేయొచ్చని అర్థం కాదు. మాకు ప్యాకేజీ అమ్మినవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ చెప్పలేదు.

విజయవాడలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర క్రిస్మస్ సెలవులకి కొన్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్లు వాట్సాప్‌లో పంపిన కాగితం మీద తెల్లటి ఇసుక, వెనక పెద్ద పెద్ద చెట్లు, ముందు నీలం నీళ్లు ఉన్న ఫొటో, దాని కిందే మా రిసార్ట్ పేరు ఉన్నాయి. హేవలాక్ దీవిలో సముద్రం ఒడ్డునే కాటేజీ, మెట్లు దిగితే నీళ్లు అన్నారు. మా అత్తగారు ఎక్కువ దూరం నడవలేరు, అందుకే గది ముందే సముద్రం ఉండాలని నేను మొదటి ఫోన్‌లోనే చెప్పాను. "మీకెందుకు మేడమ్, గదిలోంచి కాళ్లు నీళ్లలో పెట్టొచ్చు" అన్నారు.

ఆ ఫొటో రాధానగర్ బీచ్‌ది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే ఉత్తమ బీచ్ అని రాసింది దాని గురించే. 2020లో మన రుషికొండతో పాటు, శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ కూడా అదే. అది దీవికి పడమర వైపు ఉంటుంది. మాకిచ్చిన కాటేజీ తూర్పు వైపు, అక్కడికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో. మేం చేరేసరికి గది ముందు నీళ్లే లేవు. కనుచూపు మేర నాచు పట్టిన రాళ్లు, చచ్చిన పగడపు ముక్కలు, మధ్యలో చిన్న చిన్న మడుగులు. మా చిన్నవాడు చెప్పుల్లేకుండా పరుగెత్తి అరికాలు కోసుకున్నాడు.

మమ్మల్ని దింపిన డ్రైవర్‌ది శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వలస వచ్చిన కుటుంబం. అండమాన్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కడికెళ్లినా తెలుగు వినిపిస్తుంది. ఆయనే చెప్పాడు: "ఇప్పుడు ఆటు నడుస్తోందమ్మా. పోటు వచ్చాక నీళ్లు మెట్ల దాకా వస్తాయి. అప్పుడైనా ఇక్కడ పిల్లల్ని దింపకండి, కింద అంతా పగడమే." ప్యాకేజీ అమ్మినవాళ్లు ఒక్కసారి కూడా చెప్పని మాట అది.

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అసలు మోసం ఇక్కడే జరుగుతోంది. హేవలాక్ తూర్పు ఒడ్డున, అంటే గోవింద్ నగర్, విజయ్ నగర్ వైపు, ఒడ్డుకి దగ్గరలోనే పగడపు దిబ్బ పరుచుకుని ఉంటుంది. నీటి లోతు తక్కువ. అండమాన్‌లో ఆటుపోట్లకి నీటి మట్టం సుమారు రెండు మీటర్ల దాకా మారుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి దగ్గర రోజుల్లోనే ఈ తేడా ఎక్కువ. అంత తక్కువ లోతున్న చోట నీరు రెండు మీటర్లు దిగితే ఇంకేం మిగులుతుంది? రాళ్లే. పడమర వైపున్న రాధానగర్‌లో ఇసుక వాలుగా లోతుకి దిగిపోతుంది కాబట్టి ఆటులో కూడా మునగడానికి నీళ్లుంటాయి. ఒకే దీవి, రెండు ఒడ్లు, రెండు రకాల సముద్రం. రిసార్టుల్లో ఎక్కువ భాగం తూర్పు ఒడ్డున ఉన్నాయి, ప్రకటనల్లో ఫొటోలు మాత్రం పడమర ఒడ్డువి.

తూర్పు ఒడ్డు చెడ్డదని నేను అనడం లేదు. పోటు ఉన్నప్పుడు ఆ నీళ్ల రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం, తెల్లవారుజామున సూర్యోదయం కూడా ఆ వైపే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి రాధానగర్ వైపు అలలు గట్టిగా, లోపలికి లాగేస్తూ ఉంటాయి. ఆ నెలల్లో తూర్పే నెమ్మదిగా ఉంటుంది. ఏ నెలలో వెళ్తున్నాం, నీళ్లలో దిగాలా లేక చూస్తూ కూర్చుంటే చాలా అన్నదాన్ని బట్టి బీచ్ ఎంచుకోవాలి. ఆ ఎంపిక మనది. సగం సంగతి దాచిపెట్టి ఆ ఎంపిక మన చేతుల్లోంచి లాక్కోవడమే నాకు కోపం తెప్పించింది.

రెండో దెబ్బ రాధానగర్ దగ్గరే తగిలింది. ప్యాకేజీలో "రాధానగర్ బీచ్ సందర్శన" అని ఉంది కదా, సగం రోజైనా ఉంటుందనుకున్నాం. కారు వచ్చింది నాలుగు గంటలకి. అండమాన్ చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మన గడియారమే. డిసెంబరులో ఐదు గంటల ప్రాంతానికే సూర్యుడు దిగిపోతాడు. పిల్లలు నీళ్లలో దిగి సరదా పడేలోపే లైఫ్‌గార్డులు విజిల్ వేసి బయటికి రమ్మన్నారు. మర్నాడు ఉదయం మళ్లీ వెళ్దామంటే అది ప్యాకేజీలో లేదన్నారు, టాక్సీ డబ్బులు విడిగా కట్టాం. అందుకే ఏ బీచ్‌కి తీసుకెళ్తారని అడిగి ఊరుకోకండి. ఎన్ని గంటలకి తీసుకెళ్తారు, ఎన్ని గంటలకి వెనక్కి తెస్తారు అని కూడా అడగండి. రాధానగర్‌కి ఉదయాన్నే వెళ్లండి, జనం కూడా పల్చగా ఉంటారు.

నీల్ దీవిలోనూ ఇలాంటిదే. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది, ఆటు ఉన్నప్పుడే దాని దగ్గరికి నడవగలం. భరత్‌పూర్‌లో అద్దాల పడవ ఎక్కాలన్నా, నీళ్లలో ఆడుకోవాలన్నా పోటు ఉండాలి. రెండిటికీ ఒకే వేళ పెట్టి, ఒక పూటలో అన్నీ చూపించేస్తామంటే రెండిట్లో ఒకటి పోయినట్టే. మాకు వంతెన పోయింది. నీళ్లు నిండుగా ఉన్న వేళకి తీసుకెళ్లి, దూరం నుంచి రాళ్లు చూపించి "ఇంతే మేడమ్" అన్నారు.

ఆటు, పోటు వేళలు ఎవరి ఇష్టం మీదా ఉండవు. సుమారు ఆరు గంటలకి ఒకసారి మారుతూ, రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టికల్లో పోర్ట్ బ్లెయిర్ వేళలు ముందే ఉంటాయి, ఫోన్లో ఆటుపోట్ల యాప్‌లు కూడా ఉన్నాయి. కాబట్టి నెలల ముందే మన తేదీలకి ఏ పూట నీళ్లుంటాయో తెలుసుకోవచ్చు. నెలలో వచ్చే అందరికీ ఒకే టైమ్‌టేబుల్ ఇచ్చే ఏజెన్సీ అది చూడలేదనే లెక్క. "మా తేదీల్లో ఆటు ఎప్పుడు?" అని ఫోన్లో అడగండి. తడబడితే అక్కడే ఆగిపోండి. అలల హెచ్చరికల కోసం మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వెబ్‌సైట్ చూడండి, బయల్దేరే ముందు వారం తప్పకుండా చూడాలి.

జాలీ బాయ్ దీవి గురించి ఒక మాట. వండూరు దగ్గర మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో ఉన్న ఈ దీవిలో పగడాలు చాలా బాగుంటాయి. కానీ ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. కొన్ని నెలలు అది మూసి, బదులుగా రెడ్ స్కిన్ దీవి తెరుస్తారు. పర్మిట్ కూడా కావాలి. మా కాగితంలో జాలీ బాయ్ అని రాసి, అక్కడికెళ్లాక పర్మిట్ దొరకలేదని నార్త్ బేకి తీసుకెళ్లారు. నార్త్ బే పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురుగానే ఉంటుంది, ఖర్చు తక్కువ, జనం ఎక్కువ. తేడా డబ్బు వెనక్కివ్వమంటే "సముద్రం మన చేతిలో ఉంటుందా మేడమ్" అని జవాబు. పర్మిట్‌కీ సముద్రానికీ సంబంధం ఏమిటి? ఏ చోటు తప్పిపోతే దాని డబ్బు ఎంత తిరిగిస్తారో విడివిడిగా రాయించుకోండి. వాతావరణం సాకు పెట్టి అన్నీ కలిపి మింగేసే షరతు ఉంటే ఒప్పుకోకండి.

పేర్లతో కూడా జాగ్రత్త. 2018 డిసెంబరులో హేవలాక్‌ని స్వరాజ్ ద్వీప్, నీల్‌ని షహీద్ ద్వీప్, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. కాగితం మీద ఒకచోట పాత పేరు, ఇంకోచోట కొత్త పేరు ఉంటే దీవుల లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది. రెండూ ఒకటే.

ఇంకా భయపెట్టే విషయం మొసళ్లు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఒడ్డు లోపలికి వంగిన చిన్న చోట ఒక అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. వండూరు లాంటి చోట్ల హెచ్చరిక బోర్డులు పెట్టారు. బోర్డు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసేచోట, మడ చెట్లున్న చోట ఎవరు ధైర్యం చెప్పినా దిగొద్దు. లైఫ్‌గార్డులు ఉన్నచోటే పిల్లల్ని నీళ్లలోకి వదలండి. "ఎవరికీ తెలియని బీచ్, మీకు మాత్రమే చూపిస్తాం" అని ఆశపెడతారు, అస్సలు వెళ్లకండి.

స్కూబా చేయాలనుకుంటే అది చివరి రోజున పెట్టనివ్వకండి. నీళ్లలో లోతుకి దిగాక విమానం ఎక్కడానికి మధ్య ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విరామం ఉండాలి. మాకు ఉదయం స్కూబా, మధ్యాహ్నం విమానం వేశారు. డైవింగ్ నేర్పే అబ్బాయే విమానం టైమ్ అడిగి వద్దన్నాడు, అతనికి దణ్ణం పెట్టాలి. గుల్లలు, పగడపు ముక్కలు పిల్లల బ్యాగుల్లో పెట్టనివ్వకండి. పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, విమానాశ్రయంలో బ్యాగులు చూస్తారు.

ఇక డబ్బు సంగతి. మమ్మల్ని ఒక వ్యక్తి యూపీఐ నంబరుకి అడ్వాన్స్ పంపమన్నారు, బిల్లు తర్వాత ఇస్తామన్నారు. ఇప్పటిదాకా ఇవ్వలేదు. మీరు మాత్రం జీఎస్టీ నంబరున్న బిల్లు, సంస్థ పేరున్న ఖాతా లేకుండా రూపాయి కూడా కట్టకండి. రిసార్ట్ పేరు చెప్పగానే మ్యాప్‌లో పెట్టి చూడండి, దీవికి ఏ వైపు ఉందో వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత రిసార్ట్‌కి నేరుగా ఫోన్ చేసి "మీ ముందున్న బీచ్‌లో ఆటు వేళ ఈత కొట్టొచ్చా?" అని అడగండి. తిరిగొచ్చాక మా వారు మా రిసార్ట్‌కే ఫోన్ చేసి అడిగితే, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఏమాత్రం దాచకుండా "లేదు సార్, ఈతకి రాధానగర్ వెళ్లాలి" అంది. రిసార్ట్‌ది తప్పు లేదు. అమ్మినవాళ్లదే తప్పు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వాట్సాప్ మెసేజ్‌లు, వాళ్లు పంపిన ఫొటోలు డిలీట్ చేయకండి. గది ముందున్న ఒడ్డుని తేదీ, టైమ్ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. మా ఫిర్యాదుకి జత చేసినవి ప్రధానంగా రెండే: వాళ్లు పంపిన రాధానగర్ ఫొటో, అదే రిసార్ట్ మెట్ల మీంచి మేం తీసిన రాళ్ల ఫొటో.